తపస్కాలం: ఉపవాసం ఎవరికి, ఎంతవరకు?

ప్రశ్న:
తపస్కాలం (ఈస్టరుకు ముందు నలభై రోజుల ప్రాయశ్చిత్త కాలం) మొదలయ్యే విభూది బుధవారం దగ్గరపడింది. అమ్మకు 62 ఏళ్లు, షుగరుకి మందు వాడుతోంది. తమ్ముడికి 15. కతోలిక నియమం ప్రకారం ఎవరేం పాటించాలి? గుడ్డు తినొచ్చా?

ఉపదేశి:
ఉపవాసం వేరు, మాంసం మానడం వేరు అండీ. ఉపవాసం 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రెండు రోజులే తప్పనిసరి. ఒక పూట కడుపునిండా, మిగతా రెండు పూటలూ కలిపినా ఒక భోజనం కానంత. మాంసం మానడం 14 నిండినవారందరికీ, ఆ రెండు రోజులతోపాటు తపస్కాల శుక్రవారాల్లోనూ. కాబట్టి తమ్ముడు మాంసం మానితే చాలు. అమ్మగారికీ అంతే. మందు వేసుకుని పస్తుంటే షుగరు పడిపోవచ్చు, దయచేసి ఉండనివ్వకండి. గుడ్డు, పాలు, చేప తినొచ్చు.

మరో సభ్యురాలు:
చేపలు తినొచ్చు కదా అని రొయ్యల వేపుడు, కొరమీను పులుసుతో విందు చేస్తే నియమం మీరినట్టు కాదు గానీ తపస్సు మిగలదు. పప్పుచారుతో సరిపెట్టి, మిగిలిన డబ్బు పేదలకివ్వండి. జోజప్పగారి (మరియమ్మ భర్త పునీత యోసేపు) మహోత్సవం మార్చి 19 శుక్రవారం పడితే (2027లో అంతే) ఆరోజు మాంసం మానక్కర్లేదు.

ఇంకొకరు:
సిలువమార్గం (యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ స్థలం స్థలం దగ్గర ఆగి చేసే ప్రార్థన) కూడా మొదలుపెట్టండి. 14 స్థలాలు, స్థలానికి రెండు నిమిషాలైనా ఆగాలి. జనం ఎక్కువై అందరూ ఒక స్థలం నుంచి మరో స్థలానికి కదల్లేకపోతే నడిపించేవారు కదిలితే చాలు. పుస్తకం గబగబా చదివేస్తే ధ్యానానికి చోటుండదు. ప్రార్థన తర్వాత కాసేపు మౌనం ఉంచండి.