పాతకాలపు రేడియో కంట్రోల్ తెరచాప పడవలతో క్లబ్ రెగట్టా: ఏర్పాట్లపై చర్చ

తెరచాప50
అందరికీ నమస్కారం. ఒక్కరోజు క్లబ్ రెగట్టా (పడవ పందేలు) ప్లాన్ చేస్తున్నాం. పాత డిజైన్ల చెక్క పడవలకు మాత్రమే. ఇప్పటికి 16 పేర్లు వచ్చాయి: 50/800 మార్బుల్‌హెడ్‌లు 9, 36 అంగుళాల రిస్ట్రిక్టెడ్ 5, టెన్ రేటర్‌లు 2. చెరువు సుమారు 120 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. ఒడ్డున లోతు మీటరు కంటే తక్కువ. తేల్చుకోలేకపోతున్నవి మూడు: ఏ పడవను 'వింటేజ్' అని ఒప్పుకోవాలి, ఈ మూడు క్లాసుల్ని (పడవ రకాల్ని) కలిపి పరిగెత్తించవచ్చా, కోర్సు ఎంత పొడవు పెట్టాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతప్లాను
మొదటి ప్రశ్నకు జవాబు నోటీసు వేసే రోజే రాతలో ఉండాలి. పోటీ రోజు పొద్దున ఒడ్డు మీద తేల్చుకుందాం అనుకుంటే సగం పూట వాదనలోనే పోతుంది.

పడవ ఎప్పుడు కట్టారు అన్నదాన్ని కాదు, డిజైన్ ఎప్పటిది అన్నదాన్ని చూడండి. పాత ప్లాను ప్రకారం నిరుడు కట్టిన పడవ కూడా రావచ్చు. ఒక కటాఫ్ సంవత్సరం పెట్టి, ప్లాను కాపీ తెచ్చి చూపించమనండి. తేదీ ఒక్కటే చాలదు, ఆకారం మీద కూడా గీత గీయాలి. కీల్ (అడుగున ఉండే బరువైన భాగం) పొట్టు, అంటే పడవ ఒళ్లు, కిందికి సాగినట్టు ఒకటిగా ఉండాలా, లేక విడిగా పలకలాంటి ఫిన్, చివర సీసం బల్బు ఉన్నా సరేనా? ఈ రెండు రకాలూ ఒకే ఫలితాల పట్టికలో ఉంటే నిండు కీల్ పడవ ఎదురుగాలిలో ప్రతిసారీ వెనకబడుతుంది. తడిసే ఉపరితలం దానికి ఎక్కువ, సీసం పైన ఉండటం వల్ల గాలికి ఎక్కువ ఒరుగుతుంది కూడా. ఫిన్ పడవలు రెండు మూడు ఉంటే వాటికి వేరే బహుమతి పెట్టండి.

కార్బన్ మాస్టు, మైలార్ (ప్లాస్టిక్ పొర) తెరచాప, స్వింగ్ రిగ్ (మాస్టుతో పాటు తెరచాపలన్నీ కలిసి తిరిగే అమరిక) వద్దని స్పష్టంగా రాయండి. అల్యూమినియం మాస్టు, డాక్రాన్ తెరచాప దగ్గర మాత్రం పట్టుబట్టకపోవడం మంచిది. నూలు గుడ్డ తెరచాపలు తడిస్తే ఆకారం మారిపోతాయి, అవే కావాలంటే సగం మంది రారు.

కొలతలకు ఒక బల్ల, ఒక స్టీలు టేపు, ఒక తూకం చాలు. మార్బుల్‌హెడ్‌కి పొడవు 50 అంగుళాలు, తెరచాప 800 చదరపు అంగుళాలు, చూడాల్సినవి ఈ రెండే. 36 రిస్ట్రిక్టెడ్‌కి పొట్టు 36 × 9 × 11 అంగుళాల పెట్టెలో పట్టాలి, బరువు 12 పౌండ్లు మించకూడదు. ప్లైవుడ్‌తో ఆ పెట్టె చేయించి పెట్టుకుంటే ఒక్కో పడవకు అర నిమిషం కూడా పట్టదు.

గాలివాటు
రెండో ప్రశ్న: కలపకండి. కారణం లెక్కలోనే ఉంది. పొట్టు వేగం (పొట్టు అందుకోగల గరిష్ఠ వేగం) నాట్లలో సుమారు 1.34 × నీటిరేఖ, అంటే నీటి మట్టం దగ్గర పడవ పొడవు (అడుగుల్లో) వర్గమూలం. 50 అంగుళాల నీటిరేఖకు 2.7 నాట్లు, 36 అంగుళాలకు 2.3 నాట్లు. అంటే మంచి గాలిలో పెద్ద పడవ 10 నిమిషాల్లో ముగించే రేసు చిన్నదానికి దాదాపు 12 నిమిషాలు. పెద్దవి చిన్నవాటిని దాటిపోతూ వాటి గాలి కోసేస్తాయి. చిన్నవాటి మధ్య పోటీ అక్కడితో పాడవుతుంది.

టెన్ రేటర్‌లు రెండే కాబట్టి మార్బుల్‌హెడ్‌లతో ఒకే స్టార్టులో వదలండి, పాయింట్లు మాత్రం విడిగా వేయండి. వాటి సూత్రం నీటిరేఖ × తెరచాప ÷ 6000 = 10. నీటిరేఖ 55 అంగుళాలైతే తెరచాప సుమారు 1090 చదరపు అంగుళాలు వస్తుంది. 800తో పోలిస్తే ఎంత తేడానో చూడండి.

సీసంకీలు
గాలివాటు గారితో కొంత విభేదం. ఐదు పడవలే ఉన్న క్లాసుకి రోజంతా విడి స్టార్టులు ఇస్తే, మిగతా 11 పడవల వాళ్లు ఒడ్డున నిలబడి ఉండాలి. హ్యాండిక్యాప్ సమయాలు (నెమ్మది పడవకు సమయంలో తగ్గింపు) పెట్టి ఒకటో రెండో రేసులు అందరినీ కలిపి వేయవచ్చు కదా?

గాలివాటు
వేయవచ్చండి, కానీ హ్యాండిక్యాప్‌కి ప్రతి పడవ ఫినిష్ సమయం సెకన్లతో రాయాలి. ఐదారు పడవలు పది సెకన్లలో గుంపుగా లైను దాటితే ఇద్దరు మనుషులు చాలరు. పైగా పొట్టు వేగం తేడా గాలి ఉన్నప్పుడే కనిపిస్తుంది. సన్నగాలిలో తేలికైన చిన్న పడవ ముందుండవచ్చు కాబట్టి ఒకే గుణకం రోజంతా న్యాయంగా ఉండదు. వంతులవారీ పద్ధతి నయం: పెద్దవి నీటిలో ఉన్నప్పుడు చిన్నవాటి యజమానులు మార్కుల దగ్గర పరిశీలకులు, తర్వాత తారుమారు. నిలబడి ఉన్నారన్న మాటే రాదు, పరిశీలకులు ఎక్కణ్నుంచి వస్తారన్న సమస్యా తీరుతుంది.

సీసంకీలు
సరే, పరిశీలకుల మాట నిజమే. ఆ కారణానికైతే ఒప్పుకుంటాను.

బోయాతాడు
కోర్సు గురించి. ఒడ్డున నిలబడ్డ మనిషికి 80 మీటర్లు దాటితే రెండు పడవల మధ్య ఎడం అర్థం కాదు. తాకాయా లేదా అన్న గొడవలు ఎక్కువగా ఆ దూరంలోనే పుడతాయి. ఎదురుగాలి మార్కును స్టార్టు లైను నుంచి 60 మీటర్ల దగ్గర పెట్టండి. మంచి గాలిలో 50 అంగుళాల పడవ టాక్‌లు కొడుతూ (గాలికి అటూ ఇటూ మలుపులు తిరుగుతూ) అక్కడికి చేరడానికి నిమిషం పైన, వెనక్కి రావడానికి నిమిషం లోపు. మూడు రౌండ్లంటే ఆరు నిమిషాలు, సన్నగాలిలో పన్నెండు. అంతకంటే పొడవైన రేసు అక్కర్లేదు. ఎక్కువ రేసులు పడితే ఒక చెడ్డ రేసు ప్రభావం తగ్గుతుంది.

స్టార్టు లైను పొడవు: మొత్తం పడవల పొడవుకు ఒకటిన్నర రెట్లు. 9 మార్బుల్‌హెడ్‌లంటే 11.4 మీటర్లు, కాబట్టి 17 మీటర్లు, టెన్ రేటర్‌లు కూడా కలిస్తే సుమారు 22. లైను గాలికి లంబంగా ఉండాలి, ఎడమ చివర ఒకటి రెండు డిగ్రీలు ముందుకు ఉన్నా మంచిదే. కుడి చివర ముందుకు ఉంటే గుంపంతా అక్కడికే పడి ముక్కులు గుద్దుకుంటాయి.

ఎదురుగాలి మార్కుకి ఎడమ పక్కన ఆరు మీటర్ల దూరంలో ఇంకో బోయా పెట్టండి. అది లేకపోతే మార్కు తిరిగి కిందికి వచ్చే పడవలు, పైకి వెళ్లే పడవల్లోకి నేరుగా దూసుకెళ్తాయి. కింద గేటు (ఏదో ఒకటి తిరిగేలా పక్కపక్కన పెట్టే రెండు బోయాలు) పెడితే వాటి మధ్య 11 మీటర్లు తగ్గనివ్వకండి. రేడియో సెయిలింగ్‌లో మార్కు జోన్ (మార్కు చుట్టూ ప్రత్యేక దారి నియమాలు వర్తించే పరిధి) నాలుగు పడవ పొడవులు, అంటే ఇక్కడ 5 మీటర్లు. రెండు జోన్లు ఒకదాని మీద ఒకటి పడితే ఎవరికి దారి ఇవ్వాలో ఎవరికీ తెలియదు.

ఇక బోయా కట్టే విధానం, ఎక్కువ చోట్ల తప్పేది ఇక్కడే. తాడును వదులుగా వదిలితే లోతైన కీల్, దాని వెనకే వేలాడే చుక్కాని రెండూ తాడును పట్టుకుంటాయి. పడవ అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. 2 కిలోల లంగరుకు తాడు కట్టి, ఆ తాడును బోయా అడుగున ఉన్న రింగు గుండా దూర్చి, రెండో కొసకు 200 గ్రాముల సీసం వేలాడదీయండి. లోతు ఎక్కువైనా తక్కువైనా ఆ సీసం తాడును బిగుతుగా లాగి ఉంచుతుంది, బోయా లంగరుకు సరిగ్గా పైనే నిలబడుతుంది. చిన్న సీసం అడుగును తాకకూడదు, అలాగని చుక్కాని అంత పైనా ఉండకూడదు. నీటి మట్టం నుంచి 60 సెంటీమీటర్లు కిందికి వేలాడితే సరిపోతుంది. బోయాలు 20 సెంటీమీటర్ల గాలి బంతులై ఉండాలి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు చెక్క ముక్కుల వార్నిష్ ఊడగొడతాయి.

పాతప్లాను
ఒడ్డున మీటరు కంటే తక్కువ లోతు అన్నారు. పడవను దించే చోట అడుగు ఎలా ఉందో ముందు రోజు కర్ర గుచ్చి చూసుకోండి. కీల్ 30 సెంటీమీటర్లు దిగే పడవకు కనీసం 60 కావాలి, బురద పేరుకుంటే ఇంకా. దించే చోటికీ కంట్రోల్ ఏరియాకీ (పడవలు నడిపేవాళ్లు నిలబడే చోటు) మధ్య కనీసం పది మీటర్లు వదలండి. లేకపోతే పడవ ఎత్తుకొని వచ్చేవాళ్లు, రిమోట్ స్క్రీన్ మీదో పడవ మీదో కళ్లు పెట్టి వెనక్కి నడిచేవాళ్లు ఒకరికొకరు తగులుకుంటారు.

వించ్‌డ్రమ్ము
రేడియో సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత 27 లేదా 40 మెగాహెర్ట్జ్ సెట్లతో వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. ఎంట్రీ ఫారంలోనే ఛానెల్ నంబరు, విడి క్రిస్టళ్లు (ఛానెల్ మార్చే ముక్కలు) ఏమేం ఉన్నాయో అడగండి. ఒకే ఛానెల్ ఇద్దరికి వస్తే వాళ్లను వేర్వేరు క్లాసుల్లో వేసినా చాలదు, ఒడ్డున ఎవరో టెస్టు చేయడానికి స్విచ్ వేసినా నీటిలో ఉన్న పడవ చేజారిపోతుంది. ఒక చెక్క బోర్డు, ఛానెల్‌కి ఒక క్లిప్పు. క్లిప్పు చేతిలో లేనివాడు స్విచ్ వేయకూడదు. ఈ ఒక్క నియమం విషయంలో మొహమాటం పనికిరాదు.

2.4 గీగాహెర్ట్జ్‌కి ఛానెల్ గొడవ లేదు, కానీ ఆ తరంగం నీటిని దాటదు. ఆధునిక పడవకంటే ఈ పాత పొట్లు బాగా ఒరుగుతాయి, కిందివైపు డెక్కు నీటిలో మునుగుతుంది. రిసీవర్‌ను పొట్టు పక్కన అతికిస్తే ఆ క్షణానికి యాంటెన్నా నీటిమట్టం కిందికి పోతుంది. దాన్ని మధ్యరేఖ మీద, డెక్కుకు వీలైనంత దగ్గరగా పెట్టండి. రెండు వైర్లుంటే ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో. ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోయినప్పటి అమరికలో) తెరచాప వదులుగా ఉండేట్టు సెట్ చేసి, దించే ముందు ట్రాన్స్‌మిటర్ ఆపి చూపించమనండి.

రేసు మధ్యలో 'రేడియో పోయింది' అన్నప్పుడు చాలాసార్లు అసలు దోషి బ్యాటరీ. 800 చదరపు అంగుళాల తెరచాపను గట్టి గాలిలో లోపలికి లాగేటప్పుడు వించ్ (తెరచాప తాడును లాగే మోటారు) ఒక్కసారిగా ఎక్కువ కరెంటు తాగుతుంది. నాలుగు పెన్సిల్ సెల్స్ వోల్టేజీ పడిపోయి రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఐదు సెల్స్ నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్, అంటే 6 వోల్టులు, 2000 మిల్లీ ఆంపియర్ అవర్ పైన, కనీసం అది ఉండాలి. వించ్‌కి విడి బ్యాటరీ ఉంటే ఇంకా నిశ్చింత. రెండు సెల్స్ లిథియం పాలిమర్ పెట్టేవాళ్లు ముందు తమ సర్వో 7.4 వోల్టులు తట్టుకుంటుందో లేదో చూసుకోవాలి.

డ్రమ్ము వించ్‌లో షీటు (తెరచాప తాడు) వదులైతే డ్రమ్ము మీద నుంచి జారి షాఫ్టుకు చుట్టుకుంటుంది. తిరిగొచ్చే వైపు సన్నని ఎలాస్టిక్ కట్టి ఎప్పుడూ లాగి ఉంచండి.

చెక్కపడవ
వేన్ గేరు, బ్రెయిన్ గేరు (చుక్కానిని తనంతట తానే తిప్పే పాత అమరికలు) ఉన్న పడవలు వస్తే ఆ చేతులు, కొక్కేలు తీయించండి, తీయడం ఇష్టం లేకపోతే టేపు చుట్టించండి. రేడియో రాకముందు ఈ పడవలు వాటితోనే తమంతట తాము నడిచేవి కాబట్టి యజమానులు వాటిని డెక్కు మీద ఉంచాలనుకోవడం సహజం. కానీ పక్క పడవ తెరచాప వాటికి తగులుకుంటే రెండూ ఆగిపోతాయి.

ఇంకోటి, ముక్కుకు మెత్తటి రబ్బరు తప్పనిసరి చేయండి. ఆధునిక రేడియో పడవల వన్ మీటర్ క్లాసులో అది నియమం. పాత పడవకు అందం పోతుందని కొందరు ఒప్పుకోరు. గట్టి చెక్క ముక్కు సన్నని పలక పొట్టును తగిలితే పలక అతుకు విడిపోతుంది, దాన్ని బాగు చేయడం ముక్కును బాగు చేసినంత తేలిక కాదు. రబ్బరును కొలతలో లెక్కించం అని నోటీసులో రాస్తే అభ్యంతరం ఉండదు.

తెరచాప50
చాలా ఉపయోగం. స్టార్టు పద్ధతి, తప్పులకు శిక్ష ఎలా? మాలో నియమాల పుస్తకం తెలిసినవాళ్లు ఇద్దరే. ఇంకొకటి, తెరచాప మీద 7 నంబరు ఇద్దరికి ఉంది.

గాలివాటు
సెయిలింగ్ నియమాల పుస్తకంలో అనుబంధం 'ఇ' రేడియో పడవలకే. అదే వాడండి, సొంతంగా కొత్తవి కల్పించకండి. స్టార్టు ముందు రెండు నిమిషాలకు వార్నింగ్, నిమిషం ముందు ప్రిపరేటరీ (సిద్ధంకండి అనే) సంకేతం. చివరి నిమిషంలో పది సెకన్లకోసారి, చివరి పది సెకన్లు సెకనుకోసారి శబ్దం. రికార్డు చేసిన ఆడియోను చిన్న స్పీకర్‌లో వేస్తే ఎవరూ గడియారం చూస్తూ అరవనక్కర్లేదు. లైను ముందే దాటిన పడవ నంబరు వెంటనే గట్టిగా చెప్పాలి.

నియమం తప్పితే ఒక చుట్టు తిరగడమే శిక్ష. తిరిగినా కూడా చాలా లాభం పొందితే ఇంకో చుట్టు. ఎదుటి పడవ ఇక నడవలేని స్థితికి వస్తే, తప్పు చేసిన పడవ రేసు వదిలేయాలి. ప్రొటెస్ట్ (ఎదుటి పడవ తప్పు చేసిందన్న ఫిర్యాదు) అని అరిచేటప్పుడు రెండు పడవల నంబర్లూ చెప్పాలి. పేర్లు పిలిస్తే గందరగోళం.

నంబర్ల చివరి రెండు అంకెలే చూపాలి, 7 అయితే 07. ఇద్దరికి ఒకటే ఉంటే ఒకరు ముందు 1 తగిలించుకుని 107 కావాలి. నల్ల టేపు, కత్తెర కొలత బల్ల మీద ఉంచండి.

చెక్కపడవ
రేసుల మధ్య: పాత పలక పొట్లలోకి కొంత నీరు రావడం సహజం. కానీ 300 గ్రాముల నీరు లోపల అటూ ఇటూ కదిలితే 12 పౌండ్ల పడవ స్థిరత్వం చెడుతుంది. ప్రతి రేసు తర్వాత హ్యాచ్ తెరిచి స్పాంజితో తుడవండి, పోటీ రోజు స్పాంజి అందరి పెట్టెలో ఉండాలి. మరీ ముఖ్యం, వంతు కాని పడవలను ఎండలో పెట్టకండి. ముదురు రంగు పొట్టు వేడెక్కితే పలకలు ఎండి అతుకులు నోళ్లు తెరుస్తాయి, తర్వాతి రేసులోనే నీరు పీల్చుకుంటుంది. ఒక టెంటు, కింద గడ్డి మీద స్టాండ్లు.

సీసంకీలు
గాలికి పరిమితి కూడా ముందే చెప్పండి. ఈ పడవల్లో చాలావాటికి ఒకటే తెరచాప సెట్టు ఉంటుంది. ఒడ్డున చెట్ల ఆకులు, సన్నని రెమ్మలు ఆగకుండా కదులుతుంటే 7 నుంచి 10 నాట్ల గాలి, అప్పటి వరకు పర్వాలేదు. దుమ్ము లేచి చిన్న కొమ్మలు ఊగడం మొదలైతే 11 దాటినట్టు. వెనుకగాలిలో సన్నని ముక్కులు నీటిలోకి దిగి చుక్కాని పైకి లేస్తుంది, పడవ చెప్పిన మాట వినదు. అప్పుడు ఆపి, గాలి తగ్గాక మొదలుపెట్టడమే మంచిది.

ఆగిపోయిన పడవ కోసం చిన్న తెడ్ల పడవ, లైఫ్ జాకెట్ వేసుకున్న ఇద్దరు. ఒడ్డుకు దగ్గరైతే టెన్నిస్ బంతికి చేపల తాడు కట్టి పడవ అవతలికి విసిరి లాగండి. ఎంత లోతు తక్కువైనా ఒంటరిగా నీటిలోకి దిగనివ్వకండి.

బోయాతాడు
పాయింట్లకు ఒక మాట. మొదటి స్థానానికి 1, రెండుకి 2, రాని పడవకు ఎంట్రీల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ. 4 రేసులు పూర్తయితే ఒక చెత్త స్కోరు తీసేయండి, 8 అయితే రెండు, ఈ సంఖ్యలు నోటీసులో ఉండాలి. సమానమైతే తీసేసినవి పక్కన పెట్టి మిగతా స్కోర్లను మంచివి ముందు పేర్చి మొదటి తేడా దగ్గర తేల్చాలి. అక్కడా తేలకపోతే చివరి రేసు.

తెరచాప50
అందరికీ ధన్యవాదాలు. నోటీసు ముసాయిదా రేపు ఇక్కడే పెడతాను. ముందు ప్లైవుడ్ పెట్టె, బోయా తాళ్లు మొదలుపెడుతున్నా.

పాతప్లాను
పెట్టె లోపలి కొలతలు కచ్చితంగా 36, 9, 11 ఉండాలి, ప్లైవుడ్ మందం బయటికే. తడి పడవలు పెడతారు కాబట్టి లోపల రెండు పూతలు వార్నిష్ వేయించండి. లేకపోతే చెక్క ఉబ్బి కొలత తగ్గుతుంది, సరిపోయే పడవను సరిపోలేదంటారు.