61 రోజుల వేట నిషేధం పులసను కాపాడుతున్నదా?

ఉప్పుటేరు:
తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలు, ఇంజిను పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. 47 రోజులుగా ఉన్న ఈ విరామాన్ని 2015లో 61 రోజులకు పెంచారు. దీనివల్లనే గోదావరి పులస ఇంకా మిగిలి ఉన్నదని ఒక మిత్రుడు ఇక్కడ రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. బంగాళాఖాతంలో ఇలసగా పెరిగే ఈ చేప, వరద నీరు సముద్రంలో కలిసే వేళకు మొగల (నదీముఖాల) దగ్గరికి చేరి, ఏటికి ఎదురీది మంచినీటిలో గుడ్లు పెడుతుంది. గోదావరికి వరద ప్రధానంగా జూలై నుంచి సెప్టెంబరు దాకా వస్తుంది. అంటే గుడ్లతో నిండిన చేప నదిలో అడుగుపెట్టే నాటికి నిషేధం ఎత్తివేసి వారాలు గడిచిపోతాయి. యానాం నుంచి ధవళేశ్వరం దాకా వలలన్నీ దానికోసం ఎదురుచూస్తున్నది సరిగ్గా అప్పుడే.

తీరగ్రామం:
ఉప్పుటేరు గారూ, మాది వేట మీద బతికే కుటుంబం కనుక చెబుతున్నాను. ఆ 61 రోజులు ఇతర చేపలకూ రొయ్యలకూ మేలు చేస్తాయి, దాన్ని తక్కువ చేయకండి. పైగా సముద్రంలో తిరిగే ఇలసకు కూడా ఆ రెండు నెలలు వలల బెడద తగ్గుతుంది. రెండు నెలలు పడవ ఒడ్డున పెట్టుకున్న ఇంటికి ప్రభుత్వం ఇచ్చేది 20,000 రూపాయలు. వల బాగుచేయించుకోవడానికీ ఇంజిను మరమ్మతుకే అందులో చాలా భాగం పోతుంది. దాని మీద వరదల కాలంలో కూడా వేట మానమంటే, ఏడాదిలో నాలుగు డబ్బులు కనబడే ఆ కొద్ది వారాలూ మాకు లేకుండా పోతాయి. చేప తగ్గడానికి చిన్న నావల వాళ్లనే బాధ్యులను చేయడం న్యాయం కాదు.

ఉప్పుటేరు:
మీ ఆవేదన న్యాయమైనది. అందుకే నేను నిషేధాన్ని పొడిగించమనడం లేదు, చేప నడిచే కాలానికీ చోటుకూ తగినట్టు ఇంకో చిన్న విరామం ఉండాలంటున్నాను. బంగ్లాదేశ్ అదే చేసింది. అక్కడ ఆశ్వయుజ పౌర్ణమి తిథిని లెక్కలోకి తీసుకొని అక్టోబరులో 22 రోజులు ఇలస వేట ఆపుతారు. 25 సెంటీమీటర్లకు తక్కువైన పిల్ల చేపలను నవంబరు నుంచి జూన్ వరకు పట్టనివ్వరు. నదీముఖాల్లో కొన్ని భాగాలను చేపలకు అభయ ప్రాంతాలుగా ప్రకటించారు. వేట ఆపిన రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న వారి ఇలస దిగుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. ఆ పెరుగుదల మొత్తం నిషేధాల ఫలితమేనని నేను అనను. కానీ తల్లి చేపతో పాటు పిల్లనూ కాపాడాలన్న ఆలోచన మన తీరంలో ఇంకా వేళ్లూనలేదు. నదిలో పుట్టిన పిల్లలు కొన్ని నెలలు మంచినీటిలో పెరిగి సముద్రానికి దిగుతాయి. ఆ దారిలో సన్న కన్ను వలలు ఉంటే, వరదలప్పుడు తల్లిని వదిలిపెట్టినా ప్రయోజనం ఉండదు.

వశిష్ఠ:
ఇద్దరూ ఆనకట్ట మాట ఎత్తలేదు. 1975లో పశ్చిమ బెంగాల్‌లో ఫరక్కా బరాజ్ మొదలైన తరువాత గంగలో అలహాబాదు దాకా వెళ్లే ఇలస రాక దాదాపు నిలిచిపోయింది. ఇప్పుడు అక్కడ చేపలను పట్టి బరాజ్ పైభాగంలో వదులుతున్నారు. గోదావరికి 1852 నుంచే ధవళేశ్వరం దగ్గర అడ్డు ఉన్నది. ఎదురీది వచ్చిన చేప ఆ గోడ కింద గుమిగూడితే పట్టుకోవడం తేలిక. కనుక విరామం పెట్టవలసిన మొదటి చోటు అదే.

తీరగ్రామం:
వశిష్ఠ గారూ, ఆనకట్ట దిగువన కొన్ని కిలోమీటర్ల మేర వరద మొదలైన తొలి వారాల్లో వల వేయకూడదంటే నేను మా వాళ్లతో మాట్లాడగలను. అయితే రెండు షరతులు. సన్న కన్ను వలల నిబంధన ముందు పెద్ద మర పడవల మీద అమలు కావాలి. నష్టపరిహారం విరామం మొదలయ్యేలోగా చేతికందాలి, ముగిసిన తరువాత కాదు.