7,000 డాలర్ల ‘ఎల్ మరియాచి’: ఇంట్లో చూసి మనం మెచ్చుకుంటున్నది సినిమానా, ఖర్చు లెక్కనా?

పాలకొల్లు ప్రేక్షకుడు (చర్చ మొదలుపెట్టింది నేనే)

మా వైపు షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళంతా ఇప్పుడు ‘ఎల్ మరియాచి’ డీవీడీ చేతులు మార్చుకుని మరీ చూస్తున్నారు. చూసిన ప్రతివాడి నోటా మొదటి మాట ఒకటే: “7,000 డాలర్లేనంట అన్నా!” కథ ఎలా ఉందని అడిగితే ఆ తర్వాతే చెబుతున్నారు. అందుకే ఈ ప్రశ్న ఇక్కడ పెడుతున్నాను.

చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. రాబర్ట్ రోడ్రిగెజ్ అనే టెక్సస్ కుర్రాడు మెక్సికో సరిహద్దు ఊరు స్యూదాద్ అకూన్యాలో, స్పానిష్ భాషలో తీసిన 81 నిమిషాల సినిమా ఇది. 1992 నాటిది. గిటార్ పెట్టె పట్టుకుని పని వెతుక్కుంటూ ఒక పాటగాడు ఊళ్ళోకి వస్తాడు. జైలు నుంచి తప్పించుకున్న అసూల్ అనే హంతకుడు కూడా అదే ఊళ్ళో తిరుగుతుంటాడు. వాడిదీ నల్ల దుస్తులే, వాడి చేతిలోనూ గిటార్ పెట్టే. కాకపోతే అందులో ఉన్నవి తుపాకులు. మోకో అనే ముఠా నాయకుడి మనుషులు పాటగాణ్ణి చూసి హంతకుడనుకుని వెంటపడతారు. కథంతా ఇదే.

రోడ్రిగెజ్ దీన్ని థియేటర్ కోసం తీయలేదు. స్పానిష్ వీడియో క్యాసెట్ల మార్కెట్‌కి అమ్ముకుని, ఆ డబ్బుతో ఇంకోటి తీద్దామనుకున్నాడు. కొలంబియా అనే హాలీవుడ్ సంస్థ కొనేసి థియేటర్లకు తీసుకెళ్ళింది. 1993లో సన్‌డాన్స్ అనే సినిమా పండుగలో ప్రేక్షకుల బహుమతి వచ్చింది. 2011లో అమెరికా వాళ్ళు భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చారు. అంటే ఇంట్లో చూడటానికి పుట్టిన సినిమా చాలా చోట్ల తిరిగి మళ్ళీ ఇంటికే వచ్చిందన్నమాట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎలా తీశారో తెలుసుకుని చూడటంలో తప్పు లేదు. డబ్బు లేకపోవడం వల్లే ఈ సినిమాకి ఆ నడక వచ్చింది. డీవీడీలో దర్శకుడి కామెంటరీ, ‘పది నిమిషాల ఫిల్మ్ స్కూల్’ అనే చిన్న ముక్క ఉన్నాయి. అవి చూస్తే ఈ సంగతి మీకే తెలుస్తుంది. కాదనేవాళ్ళు చెప్పండి.

కాలువగట్టు కెమెరా

నేను కాదంటానండీ. గట్టిగానే కాదంటాను.

ఆ అంకె వల్ల మాలాంటి పనివాళ్ళకు ఏం జరుగుతోందో మీకు చెప్పాలి. పోయినేడు మా జిల్లాలోనే ఒకాయన వెబ్ సిరీస్ తీస్తానని నన్ను కెమెరాకి పిలిచాడు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లు దాటించే పెద్ద పడవ) మీద ఛేజ్ సీను, రెండు బైకులు, ఒక హంతకుడు, నీళ్ళలోకి దూకడం. లైట్లకీ, పడవకీ, మనుషుల భోజనాలకీ ఎంతవుతుందో కాగితం మీద రాసిచ్చాను. ఆయన ఆ కాగితం పక్కన పెట్టి, “మెక్సికోలో వాడెవడో సినిమా మొత్తం 2 లక్షల్లో తీశాడంటగా, నీకు ఒక్క సీనుకి ఇంతెందుకు?” అన్నాడు. నా కూలీ సగానికి కోసేశాడు. అసిస్టెంటు కుర్రాడికైతే అసలేమీ ఇవ్వలేదు.

అప్పటి డాలరు రేటు ప్రకారం 2 లక్షల దాకా అన్నమాట నిజమే. కానీ ఆ లెక్కలో ఏం లేవో ఎవరూ చెప్పరు. కెమెరా అరువుది. నటులకు జీతాల్లేవు. హీరో కార్లోస్ గయార్డోదే ఆ ఊరు, నిర్మాతా ఆయనే. ఊళ్ళో అందరూ తెలిసినవాళ్ళు కాబట్టి బారు, బస్సు, జైలు అన్నీ చేబదుళ్ళ మీదే దొరికాయి. దర్శకుడేమో మందుల పరిశోధనకి ఒళ్ళు అప్పగించి కొంత డబ్బు సంపాదించాడు. విలన్ వేషం వేసిన పీటర్ మార్క్వార్ట్ ఆయనకి పరిచయమయ్యిందీ ఆ పరిశోధన కేంద్రంలోనే. అది గొప్ప పట్టుదల, దండం పెడతాను. కానీ కెమెరా అద్దె, జీతాలు, ఊరివాళ్ళ సాయం ఇవన్నీ ఖరీదు కట్టి కలపండి, అప్పుడు చెప్పండి ఎంతయిందో.

ఇంకోటి. థియేటర్లలో జనం చూసింది 7,000 డాలర్ల సినిమా కాదు. రోడ్రిగెజ్ 16 ఎంఎం అనే సన్న ఫిల్ము మీద తీసి, వీడియోలో ఎడిట్ చేసి ఇచ్చాడు. కొలంబియా వాళ్ళు దాన్ని థియేటర్లలో ఆడే 35 ఎంఎంకి పెంచి, శబ్దమంతా మళ్ళీ మిక్స్ చేయించారు. దానికీ ప్రచారానికీ అసలు ఖర్చు కంటే ఎన్నో రెట్లు పెట్టారు. థియేటర్లకు వెళ్ళింది ఆ మెరుగుపెట్టిన ప్రతి. మరి ఆ చిన్న అంకె ఒక్కటే అట్టహాసంగా చెప్పుకోవడం దేనికి?

అమలాపురం అక్క

నాకు ఖర్చు సంగతి ఏమీ తెలియకుండానే చూశాను. మా అబ్బాయి పెట్టాడు, వంట అయ్యాక కూర్చున్నాను. కాబట్టి నేను చెప్పేది సినిమా గురించే.

మొదటి అరగంటలో ఒక సీను నన్ను పట్టుకుంది. పాటగాడు ఒక బారులోకి వెళ్ళి పని అడుగుతాడు. యజమాని, “ఒక్క గిటారుకి డబ్బులిచ్చే బదులు నాకు పూర్తి బ్యాండే ఉంది” అంటాడు. చూస్తే ఆ బ్యాండు ఒక్కడే మనిషి, చేతిలో కీబోర్డు! అది చూసి మా ఇంట్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా పుట్టింటి వైపు సన్నాయి వాయించే కుటుంబం ఒకటుంది. ఒకప్పుడు మాఘమాసం వచ్చిందంటే కోనసీమలో వాళ్ళకు తీరికుండేది కాదు. ఇప్పుడు పెళ్ళివాళ్ళు డీజే మాట్లాడుకుని, తాళి కట్టే ఆ కాసేపటికి మాత్రమే మేళాన్ని పిలుస్తున్నారు. తాత, తండ్రి వాయించినట్టే తనూ వాయించుకు బతకాలని ఆ మెక్సికో కుర్రాడు అంటుంటే, నాకు వాళ్ళింటి అబ్బాయే కళ్ళముందు మెదిలాడు. ఇందులో బడ్జెట్ ఏముందండీ? రాసుకోవడంలో ఉంది.

దోమినో అనే బారు యజమానురాలి పాత్ర కూడా నాకు నచ్చింది. వీడు హంతకుడేమోనని అనుమానమొచ్చి, స్నానాల తొట్టిలో ఉన్నవాడి మీద పదునైన కత్తి పెట్టి, నువ్వు పాటగాడివే అయితే పాడి చూపించు అంటుంది. భయం, నవ్వు, కాస్త ఇష్టం, అన్నీ ఆ ఒక్క గదిలోనే. అంత తెలివైన మనిషిని చివర్లో చంపేశారు. ఆమె చావు హీరో కోపానికి సాకు అయిందంతే. ఇది నేను క్షమించను. డబ్బు లేకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. 70 లక్షల డాలర్లిచ్చినా ఆ ఆడమనిషిని అలాగే చంపేవారు.

(చివరి సంగతి బయటపెట్టాను, ఏమీ అనుకోకండి. పాత సినిమానే కదా.)

డబ్బింగ్ గది

నేను రాజమండ్రి వాణ్ణి, శబ్దం పని చేస్తాను. ఇద్దరు చెప్పినదాంట్లోనూ పాయింటుంది కానీ, సినిమాలో నాకు కనిపించినదాన్ని ఎవరూ చెప్పలేదు.

రోడ్రిగెజ్ కెమెరాకి శబ్దంతో కలిపి తీసే ఏర్పాటు లేదు. తిరుగుతుంటే గొడవ చేసే కెమెరా అది. అందుకని ముందు మూగగా షాట్ తీసేవాడు. తర్వాత కెమెరా ఆపి, అదే నటుణ్ణి అక్కడే నిలబెట్టి, మైకు దగ్గరగా పెట్టి, అదే మాట మళ్ళీ చెప్పించి టేపు రికార్డర్లో ఎక్కించుకునేవాడు. ఇంటికొచ్చి ఆ మాటల్ని పెదాల మీద కూర్చాడు. చెప్పినవాడే వెంటనే, అదే ఊపులో చెప్పాడు కాబట్టి చాలావరకు సింక్ (మాట పెదాలకు సరిపోవడం) కుదిరింది. ఎక్కడ పెదాలు పక్కకి జారాయో, అక్కడ వెంటనే కట్ చేసి వేరే షాట్‌కి వెళ్ళిపోయాడు. కుక్క మొహం మీదకో, వింటున్నవాడి మొహం మీదకో. మీరు పెన్ను పట్టుకుని చూడండి: మాట్లాడేవాడి మొహం మీద కెమెరా ఎంతసేపుంటుందో. కాసేపే ఉంటుంది. ఆ ఉరుకులు పరుగుల కటింగ్ చూసి అందరూ స్టైల్ అన్నారు. పుట్టింది మాత్రం సింక్ కోసం.

తెలుగు ప్రేక్షకుడికి ఇది ఇంకా బాగా అర్థమవ్వాలి. మనం ఏళ్ళ తరబడి డబ్బింగ్ థియేటర్లో మళ్ళీ పలికించిన మాటలతోనే సినిమాలు చూశాం. షూటింగులో ఒకరు, డబ్బింగులో ఇంకొకరు. పెదాలు కొంచెం అటూ ఇటూ అయినా మనకు పట్టింపు లేదు. కాబట్టి ఈ సినిమా మన చెవికి అంత కొత్తగా అనిపించదు.

తుపాకుల సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడి పోలీసుల దగ్గర నిజం తుపాకులే అరువు తెచ్చారు. వాటిలో ఖాళీ తూటాలు వేస్తే ఒక్కసారి పేలి బిగుసుకుపోతాయి, రెండో గుండు రాదు. తూటా ముందు గుండు లేకపోతే వెనక్కి తన్నే ఒత్తిడి చాలక యంత్రం తిరగదు. మరి మెషిన్ గన్ కాల్పులెలా తీశాడు? ఒక్కొక్క పేలుడునూ ఒక్కో వైపు నుంచి తీసి, వాటిని పక్కపక్కన అతికించి, మీద గుళ్ళ వర్షం శబ్దం వేశాడు. నెత్తురు కోసం రంగునీళ్ళు నింపిన కండోములు వాడారు. కెమెరా తోయడానికి చక్రాల కుర్చీ. ఇవన్నీ ఆ పది నిమిషాల ముక్కలోనే ఉన్నాయి.

కాలువగట్టు తమ్ముడూ, నీ కూలీ కోసినాయనకి ఆ పది నిమిషాలూ చూపించు. ఒక మనిషి నిర్మాతగా, కెమెరామన్‌గా, ఎడిటర్‌గా, శబ్దం మనిషిగా ఎంత చాకిరీ చేశాడో కనబడుతుంది. ఆ చాకిరీ చేసినవాడు దర్శకుడు, తన సొంత సినిమా కోసం. నిన్ను చేయమనే హక్కు ఎవరికీ లేదు.

లంక గ్రామం

మరి మా నాన్నగారిలాంటివాళ్ళ సంగతేంటండీ? స్పానిష్ మాటలు, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఆయన చదవలేరు. నేను పక్కన కూర్చుని చెబుతూ పోయాను. ఛేజ్ సీన్లు మాత్రం నా సాయం లేకుండానే చూశారు, రోడ్డు దాటే తాబేలు కనబడితే “అది నిజం తాబేలేరా” అన్నారు. ఇంటి సినిమా అంటే ఇంట్లో అందరికీ అర్థమవ్వాలి. ఇలాంటి పాత సినిమాలకి ఎవరైనా తెలుగు అక్షరాలు వేస్తే బాగుండు.

పాలకొల్లు ప్రేక్షకుడు

అందరికీ నమస్కారం. ఒక్కొక్కరికీ జవాబు చెప్తాను.

కాలువగట్టు తమ్ముడి బాధ నిజం. కానీ ఆ నిర్మాత చేసినదానికి రోడ్రిగెజ్ సినిమా బాధ్యత కాదు. ఆయన ఖర్చులో పెద్ద భాగం ఫిల్ము కొనడానికీ, కడిగించడానికీ, వీడియోకి ఎక్కించడానికీ పోయింది. ఫిల్ము ఖరీదు కాబట్టి దాదాపు ప్రతి షాటూ ఒక్క టేకే. ఇప్పుడు ఫోన్‌లో తీసేవాడికి ఫిల్ము ఖర్చే లేదు. ఇవాళ్టి షార్ట్ ఫిల్ములో పోయే డబ్బు మనుషులకే పోవాలి. ఆ సినిమా చూసి మన నిర్మాత నేర్చుకోవాల్సింది ఇది. చూసి కూడా నేర్చుకోలేదు, అది ఆయన తప్పు.

డబ్బింగ్ గది గారు చెప్పిన దానితో నా మాట ఇంకా గట్టిపడింది. మూడు కోణాల నుంచి ఒక్కొక్కటిగా పేలే ఆ గుళ్ళు చూస్తే, ఆ తుపాకీ బిగుసుకుపోయిందని తెలిసినవాడికి ఆనందం రెట్టింపవుతుంది. తెలియనివాడికి కూడా సీను పరుగెడుతూనే ఉంటుంది. రెండూ నిజమే కాబట్టే ఇది మంచి సినిమా. తెలిస్తేనే బాగుండేది అయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

అక్కా, దోమినో విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పాటగాడి ఎడమ చేతికి తూటా తగిలి ఇక గిటారు వాయించలేకపోవడమే ఆ కథకి సరిపోయే శిక్ష. అది ఒక్కటీ చాలు. ఆ అమ్మాయిని చంపాల్సిన పని లేదు. 1995లో అంటోనియో బాండెరాస్‌తో పెద్ద డబ్బు పెట్టి దీనికి కొనసాగింపు తీశారు. మా కుర్రాళ్ళు చాలామంది అదే బాగుందంటారు. పేలుళ్ళు ఎక్కువ, నాకు మాత్రం కీబోర్డు సీను అంత బలమైనది అందులో కనిపించలేదు.

కాలువగట్టు కెమెరా

మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. సినిమా బాగుంది, అక్క చెప్పిన కీబోర్డు సీను మళ్ళీ చూశాను, చాలా బాగుంది. బాధ్యత ఆ నిర్మాతదేనన్నమాటా నిజమే.

కానీ నా వాదన మారదు. అంకె ముందు పెట్టి చూపించడం ఆపాలి. మన ఊళ్ళలో ఎవరైనా ఈ సినిమా కుర్రాళ్ళకి చూపిస్తే ముందు సినిమా చూపించండి. తర్వాత కామెంటరీ. ఆ తర్వాత, ఊరికే చేసినవాళ్ళ పేర్లు, అరువిచ్చినవాళ్ళ పేర్లు పలకా బలపమూ పట్టుకుని రాసి, ఒక్కొక్క పేరుకీ ఎదురుగా మన జిల్లా రేటు వెయ్యండి. కెమెరా అద్దె రోజుకింత, లైటు బాయ్‌కింత, హీరోకింత, వంటమనిషికింత. ఆ మొత్తం చూశాక ఇంక ఎవడైనా నన్ను “2 లక్షల్లో తీయలేవా” అని అడగనివ్వండి. నరసాపురంలో మా స్నేహితుడి గది ఖాళీగానే ఉంది, ప్రొజెక్టరు నేను తెస్తాను. డీవీడీ మీరు తెండి మాస్టారూ. లంక తమ్ముడూ, మీ నాన్నగారిని కూడా తీసుకురా, మాటలు నేను తెలుగులో చెప్తాను.

అమలాపురం అక్క

నేనొస్తాను. సన్నాయి అబ్బాయిని కూడా తీసుకొస్తాను, మీరు ఇచ్చే రేటు మాత్రం ముందే చెప్పండి.