మూడు నాలుగేళ్ల పిల్లలకు పర్యావరణం గురించి ఎలా చెప్పాలి?

ప్రశ్న: అంగన్‌వాడీ కార్యకర్త, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

అందరికీ నమస్కారం. మా కేంద్రం సముద్రానికి దగ్గరలో ఉన్న ఊళ్లో ఉంది. మైపాడు తీరం మాకు పెద్ద దూరం కాదు. మా దగ్గరికి వచ్చే మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో చాలామంది వేటకు వెళ్లే కుటుంబాల వారు. మిగిలినవారు రొయ్యల గుంటల దగ్గర, వరి పొలాల్లో పనిచేసేవారి పిల్లలు. ఏటా జూన్ 5న పర్యావరణ దినోత్సవం జరుపుతాము. పిల్లల చేత నాలుగు నినాదాలు చెప్పించి, ఒక మొక్క నాటించి, ఫొటో తీసి పంపడంతో ఆ కార్యక్రమం ముగుస్తుంది. నాటిన మొక్క నెల తిరగకుండానే ఎండిపోతుంది. నినాదం చెప్పిన పిల్లలే మరునాడు వేపకొమ్మ విరిచి ఆడుకుంటారు. అందుకు వారిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ మాటలకూ ఆ కొమ్మకూ ఏమిటి సంబంధమో వారికి ఎవరూ చూపించలేదు.

ఇప్పుడు అడగడానికి కారణం వేరే ఉంది. ఒక పాపకు ఇంట్లో ఎవరో ఫోనులో వీడియో చూపించారట. అందులో మంచుకొండలు కరిగి, సముద్రం పొంగి, ఊళ్లు మునిగిపోతాయి. ఆ పాప కేంద్రానికి వచ్చి, “మా ఇల్లు మునిగిపోతుందా? నాయన పడవ ఏమవుతుంది?” అని అడిగింది. తుఫాను హెచ్చరికలు వచ్చినప్పుడు పెద్దల ముఖాల్లో ఆందోళన చూసిన పిల్లకు ఆ వీడియో బొమ్మలా కనిపించదు. ఇదే సమయంలో భూతాపం మీద, ప్లాస్టిక్ మీద గోడకు చార్టులు పెట్టమని మాకు సూచన వచ్చింది. ఇంత చిన్న వయసులో ఏమి చెప్పాలి, ఏమి చెప్పకూడదు? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

సమాధానం: విశ్రాంత పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయిని, ఒంగోలు

అమ్మా, ముందు ఆ పాప విషయం చెబుతాను. ఆమె అడిగింది భూతాపం గురించి కాదు, తన ఇంటి గురించి, తండ్రి గురించి. “గాలివాన వస్తుందని ముందే తెలుస్తుంది, అప్పుడు నాయన వేటకు వెళ్లడు, మనమందరం కలిసి గట్టి భవనంలోకి వెళతాము” అని మీ ఊళ్లో నిజంగా జరిగేదే చెప్పండి. అది అబద్ధం కాదు, ఆమెకు ధైర్యమూ ఇస్తుంది. నాలుగేళ్ల పిల్లకు దూరదేశమూ పక్క వీధీ, వందేళ్ల తర్వాతా రేపూ అన్న తేడాలు ఇంకా స్పష్టంగా ఏర్పడవు. తాను చక్కదిద్దలేని ప్రమాదాన్ని ఆ వయసులో చూపితే, ప్రకృతిని ప్రేమించడం కాదు, దాని నుంచి ముఖం తిప్పుకోవడం నేర్చుకుంటుంది. అందుచేత భూతాపం చార్టు పెద్ద తరగతులకు ఉంచండి.

ఇక ఏమి చేయాలన్నది. పిల్లవాడు రోజూ తన చేతితో చూసుకునే ప్రాణి ఒకటి ఉండాలి, తన చేతి పని వల్ల దానిలో కలిగే మార్పు తన కంటికి కనిపించాలి. ఇది కొత్త మాటేమీ కాదు. జర్మనీలో 1840లో కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టిన ఫ్రోబెల్, ప్రతి పిల్లకూ తనదంటూ చిన్న మడి ఉండాలని పట్టుబట్టాడు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండిపోయిన ఇటలీ విద్యావేత్త మాంటిసోరి, చెంబులో నుంచి చెంబులోకి నీళ్లు ఒలకకుండా పోయడాన్నే పాఠంగా నేర్పింది. నీటిని పొదుపు చేయమని వందసార్లు చెప్పడం కన్నా ఒలకకుండా పోయడం నేర్చిన చేయి మేలు, అందులోనూ వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టే మా ప్రకాశం పల్లెల్లో.

మీరు మడి కోసం వెతకనక్కర్లేదు. కొబ్బరి చిప్పలో మట్టి వేసి మెంతులు చల్లితే రెండు మూడు రోజుల్లో మొలక కనబడుతుంది. చిన్నపిల్లల ఓపిక అంతవరకే ఉంటుంది. కాబట్టి మొదటి పాఠానికి వేప మొక్క పనికిరాదు, మెంతి మొలక పనికివస్తుంది. ఆ తర్వాత తోటకూర, గోంగూర. మూడు నాలుగు వారాలకు తోటకూర కోసి, అదే రోజు మీ ఆయా చేత పప్పులో వేయించి పిల్లలకు వడ్డించండి. కొన్ని చిప్పల్లో మొలకలు చచ్చిపోతాయి. రాత్రికి రాత్రి వాటిని మార్చి పెట్టకండి. “నీళ్లు అందలేదు, అందుకే ఎండిపోయింది” అని నిజమే చెప్పి, మళ్లీ గింజలు వేయించండి. బాగుచేసే అవకాశం వెంటనే చేతికి అందితే పిల్లలు ఆ దిగులును తేలికగా దాటుతారు.

ఇంకొక సంగతి. మన ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోళెంలోకి చేరి, గేదె కడుపులోకి వెళ్లి, పాలై, పేడై, చేనికి తిరిగి వెళ్లడం తరతరాలుగా ఉన్నదే. గేదె ఉన్న ఇల్లు మీ కేంద్రం పక్కనే ఉంటే, రోజుకొక పిల్ల చేత కూరగాయల తొక్కలు అక్కడికి పంపండి. వృథా కానివ్వకపోవడం అంటే ఏమిటో దానికి మించిన చార్టు లేదు.

మీ పైఅధికారులకు సమాధానం కావాలంటే, 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని చూపించండి. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసుకు ఆట ద్వారానే బోధన జరగాలని అది చెబుతుంది. మనుషులతో పాటు జంతువుల పట్ల, మొక్కల పట్ల దయగా మెలగడాన్ని కూడా పిల్లలు అందుకోవలసిన సామర్థ్యాల్లో చేర్చింది.

సమాధానం: జీవశాస్త్ర అధ్యాపకుడు, పొదలకూరు

మేడమ్ గారూ, పైన పెద్దవారు చెప్పిన దానికి ఒక పురుగును జోడిస్తాను. మాది నిమ్మ తోటల ప్రాంతం. నిమ్మ లేత ఆకుల మీద సీతాకోకచిలుక ఆవగింజ కన్నా చిన్నగా, లేత పసుపు రంగులో ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన గొంగళి మొదట అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పిట్టలు దాన్ని ముట్టకుండా ఉండేందుకే ఆ వేషం. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తల వెనుక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. గుడ్డు నుంచి రెక్కలు విప్పే వరకు దాదాపు నెల రోజుల్లో పూర్తవుతుంది కనుక, కుండీలో ఒక నిమ్మ మొక్క ఉంటే చాలు, పిల్లలు మొత్తం కథను కళ్లారా చూస్తారు. మా తోటల రైతులకు ఇది లేత మొక్కల ఆకులు తినేసే చీడ అన్న సంగతి కూడా పిల్లలకు చెప్పాలని నా అభిప్రాయం. ఒకే ప్రాణి ఒకరికి అందంగా, మరొకరికి నష్టంగా ఉండవచ్చునని నాలుగేళ్ల పిల్లలకు అర్థమవుతుంది, మనం అనుకున్న దానికన్నా బాగానే అర్థమవుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. నూగు ఉన్న గొంగళులను ముట్టుకోనివ్వకూడదు, దద్దుర్లు వస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. గన్నేరు, ఆముదపు గింజలు విషం. రాళ్లు ఎత్తేది పెద్దవారే కావాలి, కింద తేలు ఉండవచ్చు. మట్టి పని తర్వాత సబ్బుతో చేతులు కడిగించాలి.

మీది తీర గ్రామం కాబట్టి తాబేళ్ల సంగతి ఉండనే ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలం నుంచి వేసవి మొదలు వరకు మన ఇసుకలో గుడ్లు పెడతాయి. సుమారు నెలన్నర నుంచి రెండు నెలలకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి. ఒడ్డున దీపాలు ఉంటే దారి తప్పుతాయి. ఈ కథను మీరు చెప్పవద్దు, వేట మానేసి ఇంటి పట్టున ఉంటున్న ఒక తాతను కేంద్రానికి పిలిచి చెప్పించండి. ఆయన చూసినవి మన దగ్గర లేవు. వలలో చిక్కి చనిపోయే తాబేళ్ల మాట ఇప్పుడు వద్దు.

సూళ్లూరుపేట దగ్గర నేలపట్టుకు గూడబాతులు వచ్చి చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. వాటి రెట్టతో బలపడిన చెరువు నీరు పంటకు మేలు చేస్తుందని అక్కడి రైతులు వాటిని ఎంతో కాలంగా కాపాడుకుంటూ వచ్చారు. ఇది పిల్లలకు కథగా చెప్పదగినది. అంత దూరం తీసుకువెళ్లడం మాత్రం ఈ వయసుకు అవసరం లేదు. మీ ఊరి మడిలో ట్రాక్టరు వెనకాల పురుగుల కోసం నడిచే కొంగలను గట్టు మీద కూర్చుని చూపించినా చాలు.

సమాధానం: నాలుగేళ్ల బాబు తల్లి, నెల్లూరు నగరం

అక్కా, నేను ఒక విషయంలో పెద్దవారితో విభేదిస్తున్నాను. మట్టి, మొలక, సీతాకోకచిలుక అన్నీ మంచివే. కానీ మా వీధిలో పిల్లవాడు గుమ్మం దాటగానే కనబడేది ప్లాస్టిక్ సంచులతో నిండిన కాలువ. వాడు రోజూ చూస్తున్నదాన్ని మనం చూడనట్లు నటిస్తే, అలా ఉండడమే మామూలని అనుకుంటాడు. అందుచేత మా ఇంట్లో చెత్తను రెండుగా వేరు చేసే పనిని వాడికే అప్పగించాము. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో వేస్తాడు. నేను ఏమరుపాటున అరటి తొక్కను నీలం డబ్బాలో వేస్తే వాడే తీయిస్తాడు. ఇళ్లలోనే చెత్తను వేరు చేయాలని 2016 నాటి నియమాలే చెప్పాయి, పెద్దలమే పాటించలేదు.

మరొకటి, పుట్టినరోజులు. ప్లాస్టిక్ పుల్లల బుడగలు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి. అయినా చిన్నపిల్లల బడుల్లో, పర్యావరణ దినోత్సవం నాడు కూడా, థర్మోకోల్ మీద చెట్టు బొమ్మ అతికించి వేదిక మీద నిలబెడుతున్నారు. పిల్లలు మన మాట కన్నా మన చేతులనే ఎక్కువగా చూస్తారు కనుక ముందు దానిని మానాలి.

సమాధానం: విశ్రాంత పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయిని, ఒంగోలు

అమ్మాయీ, నీవు చెప్పిన దానితో నాకు విరోధం లేదు. మీ బాబు చేస్తున్నది తన చేతికి అందే పని, పూర్తయ్యే పని. నేను వద్దన్నది చేతికి అందని భారాన్ని మాత్రమే. కాలువను చూపించు, “ఇలా ఉండకూడదు, పెద్దవాళ్లం దీన్ని బాగుచేయాలి” అని చెప్పు. ఆ చివరి మాట తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఆ బాధ్యత మనది, వాళ్లది కాదు. ఫొటోల కోసం చిన్నపిల్లల చేత వీధుల్లో చెత్త ఏరించడం మాత్రం ఎక్కడా చేయకూడదు. గాజు పెంకులు, సూదులు ఉంటాయి. చార్టుల మీద కూడా ఒక మాట: ప్లాస్టిక్ పూత వేసిన చార్టు మీద ప్లాస్టిక్ వద్దని రాయడం కన్నా, మన మార్కాపురం పలక మీద రోజుకొక ఆకు గీయించి తుడిపించడం మంచిది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మెంతులతో, తోటకూరతో మొదలుపెడతాను. తాతలను పిలవడం నాకు తట్టని ఆలోచన, మా ఊళ్లో అలాంటివారు చాలామంది ఉన్నారు. ఒక సందేహం మిగిలింది. జూన్‌లో మొక్క నాటడం మాకు తప్పదు. మాది కొంచెం ఉప్పు తగిలిన నేల. ఏది నాటితే బతుకుతుంది?

సమాధానం: జీవశాస్త్ర అధ్యాపకుడు, పొదలకూరు

మేడమ్ గారూ, మీ మొక్కలు చనిపోవడానికి ముఖ్య కారణం ఆ తేదీయే అయి ఉంటుంది. జూన్ 5 నాటికి మన జిల్లాలో రోహిణి కార్తె ఎండలు ఇంకా దిగవు. మనకు వర్షపాతంలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పడుతుంది. అందుచేత ఆ రోజున మొక్క నాటకుండా గింజ నాటించండి. కానుగ ఉప్పు నేలను తట్టుకుంటుంది, నీడ ఇస్తుంది, వేసవిలో దాని కాయలు చెట్టు కిందే దొరుకుతాయి. గింజలను ఒక రాత్రి నానబెట్టి, ఖాళీ పాల సంచుల్లో మట్టి నింపి, ఒక్కొక్క పిల్ల చేత ఒక్కొక్కటి పెట్టించండి. రెండు వారాల్లో మొలకెత్తుతాయి. దసరా వెళ్లి రెండు మంచి వానలు పడ్డాక నేలలోకి మార్చండి, మేకలు తినకుండా చుట్టూ ముళ్లకంప కట్టండి. కానుగ గింజ తినకూడనిది, కాబట్టి నానబెట్టిన గిన్నెను పిల్లలకు అందకుండా ఉంచి, నాటే సమయంలో మీరే చేతికి ఇవ్వండి.