వార్డు సభలో ఏం అడిగితే పని జరుగుతుంది? మీ అనుభవాలు చెప్పండి

సందు చివరి ఇల్లు:
వచ్చే గురువారం ఉదయం పదకొండు గంటలకు మా వార్డు కార్యాలయంలో నివాసుల సమావేశం ఉన్నదని నోటీసు వచ్చింది. మాది హైదరాబాద్‌లో రామంతాపూర్ వైపు ముప్ఫై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి పని రెండేళ్ళుగా నా మెడకు చుట్టుకున్నది. వాట్సాప్ గ్రూపులో జనం రాసిన సమస్యలన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కిస్తే ఇరవై మూడు తేలాయి. వాన పడితే గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగి నల్లటి నీళ్ళు సెల్లారులోకి దిగడం వాటిలో మొదటిది. తరువాత వీధి కుక్కలు, మలుపులో కూరగాయల బండ్లు, ఫంక్షన్ హాలు డీజే, ఖాళీ ప్లాటులో చెత్త, ఇలా జాబితా సాగిపోతున్నది. మనిషికి మూడు నిమిషాలకు మించి మాట్లాడనివ్వరట. ఇలాంటి సభలకు ఇంతకు ముందు వెళ్ళినవారు ఏది అడిగితే పని జరిగిందో, ఏది అడిగి నోరు నొప్పి పుట్టించుకున్నారో దయచేసి చెప్పండి.

నోటీసు బోర్డు:
ముందుగా ఒక మాట. ఈ సభ ఎవరో దయతలచి పెట్టింది కాదు. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పురపాలక సంస్థల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం చెబుతున్నది. 74వ సవరణతో వచ్చిన ఆ అధికరణం 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్నది. అయితే మన నగరపు లెక్క కూడా చూసుకోవాలి. 2007 ఏప్రిల్ 16న పాత నగర పాలక సంస్థకు 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగర పాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2009 ఎన్నికలకు దాన్ని 150 డివిజన్లుగా, అంటే వార్డులుగా, విభజించారు. 2011 జనాభా లెక్కల్లో అందులో 67 లక్షల పైచిలుకు మంది తేలారు, అంటే సగటున డివిజన్‌కు నలభై అయిదు వేల మంది. నేను వెళ్ళిన సభల్లో ఏనాడూ అరవై కుర్చీలు నిండలేదు.

మొదటి ఏడు నేను లేచి రోడ్ల దుస్థితి గురించి చాలా ఆవేశంగా మాట్లాడాను. తరువాత రిజిస్టరు చూస్తే నా పేరు ఎదురుగా "రోడ్లు" అని ఒక్క మాట ఉన్నది. మరుసటి ఏడు ఫలానా నంబరు స్తంభం దగ్గర, రోడ్డుకు కుడివైపున, ఆరడుగుల పొడవు, మూరెడు లోతు గుంత ఉన్నదని ఫొటోతో సహా చెప్పాను. ఈసారి గుమాస్తా గారికి మూడు వరుసలు రాయక తప్పలేదు. పని ఇట్టే అయిపోయిందని చెప్పను, నాలుగు నెలలు పట్టింది. కానీ నేను వెళ్ళి అడిగిన ప్రతిసారీ వాళ్ళూ నేనూ ఒకే గుంత గురించి మాట్లాడుకున్నాం.

పాత ఇంజనీరు:
సందు చివరి ఇల్లు గారూ, మీ మొదటి సమస్య సభకు తీసుకుపోయే ముందు రెండు విషయాలు గమనించండి. వాన మొదలైన ఎంతసేపటికి మ్యాన్‌హోల్ పొంగుతున్నది? వాన వెలిసిన ఎంతసేపటికి తగ్గుతున్నది? వాన లేని రోజున కూడా పొంగితే లైనులో పూడికో, వంటింటి జిడ్డో అడ్డం పడిందని అర్థం. వాన పడిన కాసేపటికే పొంగి, వెలిసిన గంటలోపు సర్దుకుంటే మాత్రం వాన నీరు మురుగు లైనులోకి వస్తున్నదన్నమాట.

మన నగరంలో వాన నీటి కాలువలు, నాలాలు నగర పాలక సంస్థ చూసుకుంటుంది, మురుగు లైను, మ్యాన్‌హోళ్ళు నీటి సరఫరా, మురుగునీటి బోర్డు అయిన జలమండలివి. జనం రెంటినీ కలిపి "డ్రైనేజీ" అంటారు కాబట్టి సగం ఫిర్యాదులు తప్పు బల్ల మీదికి చేరుతాయి. మురుగు పైపు సైజు స్నానపు గదుల నుంచి, వంటిళ్ళ నుంచి వచ్చే నీటిని బట్టి నిర్ణయిస్తారు. మీ ముప్ఫై నాలుగు ఫ్లాట్లలో ఇంటికి నలుగురు చొప్పున, మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో లెక్కిస్తే రోజంతా వాడే నీరు 18 వేల లీటర్లకు కాస్త పైన ఉంటుంది. మీ డాబా 500 చదరపు మీటర్లు ఉన్నదనుకుందాం. గంటలో 5 సెంటీమీటర్ల వాన కురిస్తే దాని మీద పడేది 25 వేల లీటర్లు. అంటే రోజు మొత్తం మీద మీరు వదిలే మురుగుకన్నా ఎక్కువ నీరు ఒక్క గంటలో ఆ పైపులోకి దూరాలి. డాబా గొట్టాలు మురుగు చాంబరులో కలిసి ఉన్నాయేమో చూడండి. వీధిలో పది ఇళ్ళు అదే పని చేస్తే పూడిక ఎన్నిసార్లు తీసినా ఫలితం ఉండదు.

చూడమన్నాను కదా అని వీధి మ్యాన్‌హోల్ మూత మాత్రం తీయకండి, అది జలమండలి చట్టం కింద నేరం. మీ ప్రహరీ లోపలి చాంబరు చూస్తే చాలు. డబ్బులిచ్చి ఎవరినో లోపలికి దింపే ఆలోచన అసలే చేయకండి. ఆ పనిని 2013 నాటి చట్టం నిషేధించింది, విషవాయువుకు ప్రాణాలు పోయినవారు ఈ నగరంలోనే ఉన్నారు. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తిన తరువాత వరద రక్షణతో పాటు మురుగునీటి ఏర్పాటు కూడా చూడమని విశ్వేశ్వరయ్య గారిని పిలిపించిన ఊరు మనది. వాన నీటికి ఒక దారి, మురుగుకు ఒక దారి అన్న మాట ఇక్కడ కొత్తగా చెప్పవలసి రావడం నాకు కొంచెం కష్టంగానే ఉన్నది.

సందు చివరి ఇల్లు:
నిన్న సాయంత్రం వానకు గడియారం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. సరిగ్గా పదకొండు నిమిషాలకు మూత అంచుల నుంచి నీళ్ళు ఉబికాయి. వాన తగ్గాక ముప్పావు గంటలో దిగిపోయాయి. ఇవాళ పొద్దున లోపలి చాంబరు తెరిపిస్తే డాబా నుంచి దిగే నాలుగు గొట్టాలూ అందులోనే కలిసి ఉన్నాయి. ఇదెవరి పని అని వాచ్‌మన్‌ను అడిగితే, "వాన నీళ్ళు గేటు ముంగట పారి జారి పడుతున్నమని ఆరేండ్ల కింద మీరే మీటింగుల అనుకొని కలిపిచ్చిన్రు గద సార్" అన్నాడు. అప్పటి మినిట్స్ తీసి చూశాను. నా సంతకం కూడా ఉన్నది.

ఇద్దరు పిల్లల తల్లి:
కుక్కల విషయంలో మా అనుభవం చెబుతాను. మా సభలో ముగ్గురం వరుసగా లేచి కుక్కలను ఎక్కడికైనా పట్టుకుపోవాలని అడిగాం. అలా చేయడానికి వీల్లేదని ఒక్క మాటలో తేల్చేశారు. జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 ప్రకారం వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. ఆపరేషన్ అయినదానికి గుర్తుగా చెవి కొసన చిన్న ముక్క కత్తిరిస్తారు. ఇది తెలిసిన తరువాత నేనూ మా పెద్దమ్మాయీ రెండు సాయంత్రాలు వీధులన్నీ తిరిగి లెక్క రాశాం. పదిహేడు కుక్కలు ఉన్నాయి. పదకొండింటికి చెవి గుర్తు ఉన్నది, ఆరింటికి లేదు. ఆ ఆరింటిలో నాలుగు ఆడవి, ఒకటి చూలుతో ఉన్నది. ఏది ఏ ఇంటి ముందు పడుకుంటుందో కూడా రాసి, ఫొటోలు జతచేసి తరువాతి సభలో ఇచ్చాం. పట్టే బండి వచ్చినప్పుడు గంటసేపు వెతుక్కోవలసిన పని లేకుండా నేరుగా ఆ ఇళ్ళ దగ్గరికే వెళ్ళింది.

కుక్కలకు అన్నం పెట్టేవారితో తగవు పెట్టుకోకండి. పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకు, ప్రవేశ ద్వారాలకు దూరంగా ఒక చోటు, ఒక వేళ నిర్ణయించే బాధ్యతను ఆ నిబంధనలే నివాసుల సంఘానికి అప్పగించాయి. మా వీధిలో అన్నం పెట్టే మామ్మ గారు ట్రాన్స్‌ఫార్మర్ వెనక చోటుకు ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. అధికారులతో మాట్లాడడం అంతకన్నా తేలిక అనిపించింది.

బస్తీ ఆడపడుచు:
అందరూ సభలో ఏం మాట్లాడాలో చెబుతున్నారు. అసలు సభకు ఎవరు రాగలరో కూడా ఒకసారి ఆలోచించండి. పనిదినం నాడు పదకొండు గంటలకు అంటే కూలికి వెళ్ళేవారు రారు, ఇళ్ళలో పనిచేసేవారు రారు. మా బస్తీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ పదిన్నర ప్రాంతంలో గంటసేపు. ఆ గంటలో డ్రమ్ములు, బిందెలు, చివరికి వంట గిన్నెలు కూడా నింపుకోకపోతే రెండు రోజులు గడవదు. పోయినసారి సభ సరిగ్గా నల్లా వచ్చే రోజునే పెట్టారు. మా వాడ నుంచి ఒక్క ఆడమనిషి కూడా రాలేదు. నీటి మీద చర్చ మాత్రం అయిదు నిమిషాల్లో ముగిసిందట, ఫిర్యాదులు లేవని.

ఇక కూరగాయల బండ్ల మాట. మీ నోటుపుస్తకంలో మలుపు దగ్గర అడ్డంగా ఉన్న బండ్లలో మా అత్తగారి ఆకుకూరల బండి లాంటిది ఒకటి ఉండే ఉంటుంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం సర్వే చేసి, అమ్ముకునే చోటు చూపించి, ధ్రువపత్రం ఇవ్వాలి. ఈ పనులు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న తమ ప్రతినిధులు ఉండాలి, వారిలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. "బండ్లు తీసేయండి" అని రాస్తే రెండు రోజులు తీసేస్తారు, మూడో రోజు మళ్ళీ అక్కడికే రాక తప్పదు, ఎందుకంటే కొనేది మీరే. మలుపు నుంచి ఇన్ని అడుగులు వదిలి బండ్లకు గీత గీయమని అడిగితే మేమూ వచ్చి మీ పక్కన నిలబడతాం.

నాలుగో వీధి:
ఆడపడుచు గారి మాటలో న్యాయం ఉన్నది. కానీ పోయిన నెల మా నాన్నగారిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఆ మలుపులో తాళం వేసి వదిలేసిన రెండు బండ్ల వల్ల అంబులెన్సు వెనక్కి వెళ్ళి మరో వీధిలోంచి రావలసి వచ్చింది. పగలు అమ్ముకోవడం వేరు, రాత్రి బండిని రోడ్డు మీదే వదిలిపెట్టడం వేరు.

బస్తీ ఆడపడుచు:
అది తప్పేనండి, అన్నా. రాత్రిపూట బండ్లు పెట్టుకోవడానికి చోటు కూడా అదే కాగితంలో అడుగుదాం.

నోటీసు బోర్డు:
డీజే సంగతి సభలో ఎత్తి సమయం వృథా చేయకండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 చెబుతున్నాయి. అది మోగుతుండగా పోలీసులకు ఫోన్ చేయవలసిన విషయం, మూడు వారాల తరువాత సభలో చెప్పుకునేది కాదు.

అర్జీదారు:
సభ అయిపోయిన తరువాత చేయవలసింది ఎవరూ చెప్పలేదు. మినిట్స్ నకలు అక్కడికక్కడే అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద అర్జీ పెట్టండి. ఫలానా తేదీన జరిగిన సభ మినిట్స్, ప్రతి అంశం మీద తీసుకున్న చర్యకు సంబంధించిన కాగితాల నకళ్ళు కావాలని రాస్తే సరిపోతుంది. "ఎందుకు చేయలేదు" అని రాయకండి. ఆ చట్టం కాగితాన్ని ఇప్పిస్తుంది, సంజాయిషీని కాదు. జవాబుకు 30 రోజుల గడువు ఉన్నది. అర్జీ తప్పు శాఖకు వెళ్ళినా అయిదు రోజుల్లో సరైన శాఖకు బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే. ఒకసారి నా అర్జీకి జవాబుగా ఖాళీ రిజిస్టరు పేజీ నకలు వచ్చింది. దాన్నే జతచేసి మొదటి అప్పీలు వేస్తే, ఆ తరువాతి సభ నుంచి మినిట్స్ రాయడం మొదలుపెట్టారు.

సందు చివరి ఇల్లు:
నిన్న సభ జరిగింది. మీరందరూ చెప్పింది విని ఇరవై మూడింటిని మూడుకు కుదించాను. కుక్కల లెక్క రాసి ఇచ్చాం. మా దగ్గర తొమ్మిదింటికి చెవి గుర్తు లేదు. బండ్లకు గీత, రాత్రికి చోటు కావాలన్న కాగితం మీద మా సంఘం నుంచి ఆరుగురం, బండ్ల వాళ్ళలో నలుగురు సంతకాలు చేశాం. వాళ్ళలో ఇద్దరు అమ్మకం మానుకుని వచ్చి చివరిదాకా కూర్చున్నారు. సభ వేళ సాయంత్రానికి మార్చాలని, నల్లా వచ్చే రోజున పెట్టకూడదని కూడా అడిగాను. అది మినిట్స్‌లో ఎక్కిందో లేదో పేజీ చూసి వచ్చాను, ఎక్కింది.

మ్యాన్‌హోల్ గురించి నా వంతు వచ్చినప్పుడు తప్పు మాదేనని ముందే చెప్పేసరికి గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. గొట్టాలు విడదీస్తాం, ఆ వాన నీరు పోవడానికి రోడ్డు పక్కన మూసుకుపోయిన మూడు జాలీల పూడిక తీయించండి అని స్తంభాల నంబర్లతో సహా అడిగాను. విడదీసిన ఫొటోలు పంపితే తేదీ చెబుతామన్నారు. వెనక వరుసలోంచి ఇద్దరు వచ్చి తమ ఇళ్ళలోనూ గొట్టాలు అలాగే కలిపి ఉన్నాయని మెల్లగా చెప్పి వెళ్ళారు.

ప్లంబరు మొత్తం 17 వేలు అడిగాడు, ఫ్లాటుకు 500 పడుతుంది. ఇరవై ఎనిమిది మంది ఇచ్చారు. కింది అంతస్తులో ఇద్దరు తమ కిటికీ ముందు నీళ్ళు పడతాయని అభ్యంతరం చెబుతున్నారు. వాళ్ళ భయం పోవాలంటే నీటిని పాత ఇంకుడు గుంతకు మళ్ళించాలి. అది ఎక్కడున్నదో తెలిసినవాడు వాచ్‌మన్ ఒక్కడే. చూపించమంటే పార్కింగులో నా స్కూటరు కింద చూపించాడు. శనివారం పొద్దున తవ్వకం మొదలవుతుంది. పాత ఇంజనీరు గారూ, లోపల పరిచే కంకర ఏ సైజుదో, ఎంత మందం వేయాలో చెప్పగలరా?