రొయ్యల చెరువు యాప్‌కి ఏ లైసెన్స్ పెట్టాలండి?

ప్రశ్న:
అందరికీ నమస్కారమండి. మాది భీమవరం పక్క ఊరు. ఏడుగురం ఫ్రెండ్స్ కలిసి రెండేళ్ళ నుంచి రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే యాప్ చేస్తున్నాం, రోజూ మేత ఎంతేశారు, తెల్లారుజామున ఆక్సిజన్ ఎంతుంది, పీహెచ్, ఉప్పదనం, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది ఇవన్నీ ఫోన్‌లో కొడితే మా సర్వర్‌లో దాచి గ్రాఫ్ చూపిస్తుంది. కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టి పంచుకునే సైట్) ఓపెన్‌గానే ఉంది గానీ ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ ఫైల్ ఏదీ లేదు. ఇప్పుడు అమలాపురం వైపు కుర్రోళ్ళు, కైకలూరు వాళ్ళు మేమూ రాస్తాం అంటున్నారు. మా భయమల్లా ఏ మేత కంపెనీయో వచ్చి దీన్నే పేరు మార్చి మళ్ళీ మన రైతులకే అమ్మితే ఎలాగని. ఎంఐటీ అనే లైసెన్స్ పెట్టెయ్యమని ఒకరు, వ్యాపారానికి వాడకూడదు అని రాసెయ్యమని ఇంకొకరు. ఏం చెయ్యమంటారండి?

జవాబు:
తమ్ముడూ, లైసెన్స్ లేకపోతే కోడ్ అందరిదీ అయిపోయిందనుకోకు, అసలు సంగతి దానికి తిరగేసి ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం లెక్కలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందకే వస్తుంది, రాసినోడికి రాసిన నిమిషం నుంచే హక్కు, రిజిస్టర్ కూడా చెయ్యక్కర్లేదు. కాబట్టి ఇవాళ్టికి అమలాపురం వాళ్ళు గిట్‌హబ్‌లో చూడొచ్చు, ఫోర్క్ కొట్టొచ్చు (గిట్‌హబ్‌లోనే తమ ఖాతాలోకి కాపీ తీసుకోవచ్చు), అంతే, సొంత సర్వర్‌లో పెట్టుకుని పది మందికి ఇవ్వడానికి మీరు అనుమతి ఇచ్చినట్టు కాదు.

వ్యాపారానికి వద్దు అనే మాట మాత్రం పెట్టకండి. అది పెడితే ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల కోడ్) అనే లెక్కలోకే రాదు, ఫలానా పనికి వాడకూడదు అని ఆంక్ష ఉండకూడదనేది ఓపెన్ సోర్స్ నిర్వచనంలోనే ఉంది. అయినా రొయ్యలు పెంచడమే వ్యాపారం కదా తమ్ముడూ! నాలుగెకరాలు లీజుకి చేసే రైతూ, డబ్బులు తీసుకుని నీళ్ళు టెస్ట్ చేసిపెట్టే చిన్న ల్యాబ్ కుర్రోడూ కూడా దాంట్లో ఇరుక్కుంటారు. ఎవరి కోసం రాశారో వాళ్ళకే అడ్డం.

ఎంఐటీ చిన్నది, మంచిదే, కాకపోతే మీ పేరున్న నోటీసు ఉంచి ఎవరైనా తీసుకెళ్ళి, తమ మార్పులు ఎవరికీ చూపించకుండా మూసేసుకోవచ్చు. జీపీఎల్ అనే లైసెన్స్ అలా కాదు, కాలువ నీళ్ళు ఎవరి చేలోకైనా పెట్టుకోవచ్చు, పంట అమ్ముకోవచ్చు, కాలువకి అడ్డంగా కట్ట వేసి కిందోళ్ళకి రాకుండా మాత్రం చెయ్యకూడదు, అచ్చం అదే పద్ధతి. అయితే మీ యాప్‌లో అసలు పనంతా సర్వర్‌లో ఉంది. జీపీఎల్‌లో కోడ్ చేతులు మారితేనే సోర్స్ (రాసిన అసలు కోడ్) ఇవ్వాలి, సర్వర్‌లో నడిపి ఫోన్‌లో ఫలితం చూపించడం వరకే అయితే ఇవ్వక్కర్లేదు. ఆ సందు మూయడానికే ఏజీపీఎల్ అనే ఇంకో లైసెన్స్ ఉంది, దాని మూడో వెర్షన్ 2007లో వచ్చింది, కోడ్ మార్చి నెట్‌లో నడిపితే వాడుతున్న వాళ్ళకి ఆ మార్చిన సోర్స్ అందేలా చెయ్యాలి. మీ భయానికి సరిగ్గా సరిపోయేది ఇదే, నేనైతే ఇదే పెడతాను.

ప్రశ్న:
అంటే కంపెనీ అమ్మకుండా ఆపుతుందాండి?

జవాబు:
ఆపదు. అమ్ముకోవచ్చు, వాళ్ళు చేసిన మార్పులు దాచుకోలేరు. రైతు ఇంకో కుర్రోడితో అదే కోడ్ నడిపించుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. యాప్ పేరు సంగతి వేరే, అది ట్రేడ్‌మార్క్ వ్యవహారం.

ఇంకొకరి జవాబు:
అన్నయ్య చెప్పింది కరెక్టే బాబూ, ఇంకో రెండు చూసుకోండి. మీ ఏడుగురిలో ఎవరైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంటే వాళ్ళ అగ్రిమెంట్ ఒకసారి చదవమనండి, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి మామూలుగా యజమానే మొదటి హక్కుదారు, అదీ ఆ చట్టంలోనే 17వ సెక్షన్. రెండోది, ఎక్కడి నుంచైనా ఫైళ్ళు తెచ్చి కలిపారా? అపాచీ 2.0 అనే లైసెన్స్ ఉన్న కోడ్ అయితే ఏజీపీఎల్ 3తో కలుస్తుంది, జీపీఎల్ 2 మాత్రమే అని రాసున్నది కలవదు. చెరువుల మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది (జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) అయితే ఆ డేటా లైసెన్స్ వేరు, వాళ్ళ పేరు తెర మీద కనపడాలి.

ప్రశ్న:
ఉద్యోగం ఎవరికీ లేదండి, ఒకడు మాత్రం మస్కట్ వెళ్ళిపోయాడు, వాడు రాసింది చాలా ఉంది, ఆర్నెల్లుగా టచ్‌లో లేడు. వాణ్ణి అడక్కుండానే లైసెన్స్ పెట్టెయ్యచ్చా?

జవాబు:
వద్దు. వాడు రాసిన ముక్క మీద హక్కు వాడిదే, మిగతా ఆరుగురు సరే అన్నంత మాత్రాన చాలదు. వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ వాళ్ళు 2011, 2012ల్లో జీపీఎల్ నుంచి ఎల్‌జీపీఎల్ అనే కాస్త సడలింపున్న లైసెన్స్‌కి మారడానికి పాత రచయితల్ని ఒక్కొక్కళ్ళనీ వెతికి పట్టుకోవాల్సొచ్చింది. నేనూ ఒకసారి ఒక చిన్న ప్రాజెక్టులో ఇద్దరు దొరక్క వాళ్ళు రాసిందంతా తీసేసి మూణ్ణెల్లు కూర్చుని మళ్ళీ రాశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. వాడి ఇంటికెళ్ళి వాళ్ళమ్మగారిని అడిగి వాట్సాప్ నంబరు తీసుకో, ఫలానా లైసెన్స్‌కి ఒప్పుకుంటున్నాను అని గిట్‌హబ్‌లో వాడి అకౌంట్ నుంచే ఒక లైను రాయించు. అది వచ్చాక లైసెన్స్ ఇంగ్లీషు పాఠం ఒక్క అక్షరం మార్చకుండా ఫైల్‌గా పెట్టు, పక్కన తెలుగులో వివరం రాసుకో, కాకపోతే చెల్లేది ఇంగ్లీషుదే అని చెప్పు. అమలాపురం వాళ్ళ దగ్గర నుంచి కమిట్ కమిట్‌కీ (కోడ్‌లో చేర్చే ఒక్కో మార్పుకీ) సైన్డ్ ఆఫ్ బై లైను తీసుకో, ఇది నేనే రాశాను, ఇచ్చే హక్కు నాకుంది అని దానర్థం, లైనక్స్ కెర్నెల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం)లో 2004 నుంచి ఉన్న పద్ధతే.

ప్రశ్న:
సరేనండి. సాయంత్రం వాళ్ళింటికే వెళ్తున్నాను, వాడి లైను పడ్డాక ఇక్కడ చెప్తాను.