విటమిన్ డి 11, నెలసరి క్రమం లేదు: రెండింటికీ సంబంధం ఉందా?

రాయగడ వాసి:
మా మరదలికి 27 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లు, ఏడాదిగా పిల్లల కోసం చూస్తున్నారు. నెలసరి 45, 50 రోజులకోసారి వస్తోంది. స్కాన్ చూసి పీసీఓఎస్ (అండాశయంలో చిన్న చిన్న నీటి బుడగల్లా కనబడే హార్మోన్ సమస్య) అన్నారు. బరంపురంలో చేయించిన 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్షలో మిల్లీలీటరుకు 11 నానోగ్రాములు వచ్చింది. 60,000 యూనిట్ల సాచెట్లు వారానికొకటి చొప్పున ఎనిమిది రాశారు. డి తక్కువ కాబట్టే నెలసరి తప్పుతోందా? అవి అయిపోయాక ఏం చేయాలి? పొద్దున్నే ఎండలో కూర్చుంటే చాలదా?

పర్లాకిమిడి డాక్టరమ్మ:
11 అంటే లోపమే, 20కి తక్కువైతే లోపంగానే చూస్తాం. రిపోర్టులో యూనిట్ మాత్రం ఒకసారి చూసుకోండమ్మా. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, ఆ అంకెను 2.5తో భాగించాలి.

సంబంధం ఉంది గానీ మీరనుకునేంత సూటిగా లేదు. అండాశయంలో అండం చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాల్లోనూ, గర్భాశయం లోపొరలోనూ, మాయలోనూ విటమిన్ డి రిసెప్టర్లు (డి వచ్చి అంటుకుంటే పనిచేసే ప్రొటీన్లు) ఉంటాయి. ఏఎంహెచ్ అనే అండాశయ హార్మోన్ జన్యువును నడిపే చోట కూడా ఆ రిసెప్టర్ అంటుకుంటుంది. పీసీఓఎస్‌లో చిన్న ఫాలికిల్స్ (అండం పెరిగే సంచులు) గుంపుగా ఉండి ఏఎంహెచ్ పెరుగుతుంది. దాంతో ఫాలికిల్స్‌ను ఎదిగించే హార్మోన్ ఎఫ్ఎస్‌హెచ్ పని మందగిస్తుంది, ఏ ఫాలికిల్ కూడా పూర్తిగా ఎదగదు, అండం విడుదల కాదు. లోపం ఉన్నవాళ్లకు డి ఇస్తే ఏఎంహెచ్ కొంత దిగినట్టు కొన్ని అధ్యయనాల్లో కనబడింది. మరోవైపు, బరువు ఎక్కువైతే డి కొవ్వులో చేరిపోయి రక్తంలో తగ్గుతుంది, అదే బరువు ఇన్సులిన్ పనిచేయకుండా చేసి నెలసరినీ చెడగొడుతుంది. అందుకే రెండూ కలిసి కనబడతాయి. ఇటలీలో ఐవీఎఫ్‌కు (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్సకు) వచ్చిన స్త్రీలకు 6 లక్షల యూనిట్లు ఒకే మోతాదుగా ఇచ్చి చూశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. గర్భాలు పెరగలేదు.

డి నింపడం ఎముకలకూ, రేపు పుట్టబోయే బిడ్డకూ అవసరం. అండం విడుదలకు అది మందు కాదు, దానికి ముందుగా వాడేది లెట్రోజోల్. ఏడాది దాటింది కాబట్టి సాచెట్లు అయ్యేదాకా ఆగకండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), షుగరు, ఆమె భర్త వీర్యపరీక్ష ఇప్పుడే చేయించండి.

గుణుపూర్ మందుల షాపు:
ఈ సాచెట్లతో జరిగే పెద్ద పొరపాటు, వారానికొకటి అన్నది రోజుకొకటి వేసేసుకోవడం. అలా వాడితే కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు రావచ్చు. ప్యాకెట్ మీద వారం పేరు, తేదీ రాసి పెట్టుకోండి. భోజనం తర్వాత పాలతో తీసుకోవాలి, కొవ్వు లేకుండా డి సరిగా ఒంటికి పట్టదు. ఉత్త చోడి (రాగి) అంబలి తాగి వేసుకోవద్దు. అంబలిలో కాల్షియం బాగానే ఉంటుంది, కానీ కొవ్వు చాలా తక్కువ. ఎవరైనా 6 లక్షల ఇంజెక్షన్ ఒక్కసారి వేస్తామంటే వద్దనండి.

ఎనిమిదీ అయ్యాక సాధారణంగా రోజుకు 1000 నుంచి 2000 యూనిట్లు రాస్తారు. మొదలుపెట్టిన మూడు నెలలకు మళ్లీ పరీక్ష, అంతకుముందు చేయిస్తే అంకె స్థిరపడి ఉండదు. జుట్టుకు బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబులో చెప్పి, రెండు మూడు రోజుల ముందే ఆపాలి. ఆపకపోతే కొన్ని యంత్రాల్లో డి లేకపోయినా ఎక్కువ చూపిస్తుంది.

పొద్దుటి లేత ఎండలో డి తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉండే వేళ, అంటే 11 నుంచి 2 మధ్య, చేతులకూ కాళ్లకూ ఎండ తగలాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు. 11 ఉన్నవాళ్లకు ఎండ ఒక్కటే చాలదు.

గర్భం నిలిస్తే డాక్టరుకు చెప్పి వారానికోసారి వేసుకునే పెద్ద మోతాదు బదులు రోజూ వేసుకునే చిన్న మోతాదు రాయించుకోండి. 14వ వారం నుంచి ప్రభుత్వం ఇచ్చే కాల్షియం మాత్రలో 500 మిల్లీగ్రాముల కాల్షియంతో పాటు 250 యూనిట్ల డి ఉంటుంది, రోజుకు రెండు. దాన్ని ఎర్ర ఐరన్ మాత్రతో కలిపి మింగొద్దు, రెండు గంటల తేడా ఉండాలి.

రాయగడ వాసి:
చాలా థాంక్స్ అండీ. ఇంకొకటి, ఆమె ఫిట్స్‌కి సోడియం వాల్‌ప్రోయేట్ వాడుతోంది. అది చెప్పాలా?

పర్లాకిమిడి డాక్టరమ్మ:
అన్నిటికంటే ముందు చెప్పాల్సింది అదేనమ్మా! వాల్‌ప్రోయేట్ వల్ల బరువు పెరగడం, మగ హార్మోన్లు పెరగడం, నెలసరి తప్పడం జరుగుతాయి, పీసీఓఎస్‌లాగే కనబడుతుంది. అది వేసుకుంటూ గర్భం వస్తే బిడ్డకు వెన్నుపాము లోపాలు, బుద్ధిమాంద్యం వచ్చే ప్రమాదం ఎక్కువ. అలాగని ఒక్క మాత్ర కూడా సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ తిరగబెడతాయి. బరంపురంలోనో విశాఖలోనో న్యూరాలజిస్టును కలిసి, గర్భం కోసం చూస్తున్నట్టు చెప్పండి. లెవెటిరాసిటామ్, లామోట్రిజిన్ లాంటివాటికి మార్చగలరేమో ఆయన చూస్తారు. ఫోలిక్ యాసిడ్ ఎంత వేసుకోవాలో కూడా అడగండి, వీళ్లకు మామూలు 400 మైక్రోగ్రాములకు బదులు 5 మిల్లీగ్రాములు రాస్తుంటారు. మందు మార్పు పూర్తయ్యేదాకా గర్భం రాకుండా చూసుకోవాలి, లెట్రోజోల్ కూడా ఆ తర్వాతే.